పట్టాల పక్కన పాత పాట

"పెదనాన్నా, మాట్లాడకు! ఇప్పుడొస్తుంది… విను!"

మా తమ్ముడి కూతురు నా చొక్కా అంచు పట్టుకుని లాగింది. రెండో తరగతి చదివే పిల్ల. మేం నిలబడ్డది జపాన్‌లో, టోక్యోని ఆనుకుని ఉన్న కవాసాకి నగరంలో, నోబొరితో అనే స్టేషన్ ప్లాట్‌ఫాం మీద. రైలొస్తోందంటే మన దగ్గర మైకులో ముందుగా గంటలాంటి చప్పుడొకటి వినిపిస్తుంది కదా! ఇక్కడ దాని బదులు ఓ ట్యూన్ మోగింది. చిన్నపిల్లలు గెంతుకుంటూ బడికెళ్తున్నట్టుండే ట్యూన్. పట్టుమని నాలుగు గుక్కలు లేదు. రైలొచ్చింది, జనం దిగారు, ఎక్కారు. ఒక్కరూ తలెత్తి చూడలేదు. నేను మాత్రం నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

అది రైల్వేవాళ్ళ గంట కాదు. ఓ కార్టూన్ టైటిల్ సాంగ్. డోరెమాన్ పాట!

"ఇదేనా డోరెమాన్ పాట?" అన్నాను.

"ఇది పాతది పెదనాన్నా. మామ్మల కాలం నాటిది" అంది చిన్నది, పెదవి విరుస్తూ.

"అసలు పాట అవతలి ప్లాట్‌ఫాం మీద మోగుతుంది అన్నయ్యా, ఉండు వినిపిస్తాను" అన్నాడు మా తమ్ముడు.

"అదీ కాదు నాన్నా! అసలుది హోషినో గెన్ పాడాడు!"

తండ్రీ కూతుళ్ళు అక్కడే, ప్లాట్‌ఫాం మీదే, పోట్లాటకి దిగారు. ఒక్క నీలం పిల్లికి ఎన్ని పాటలు? అందులో అసలుది ఏది? ఆ తగవు తేల్చడానికే నా ఆ రోజంతా సరిపోయింది. తేలిందా అంటే… చెబుతాను. కాస్త ఓపిక పట్టండి.

పిల్లి ఉన్న ఊరికి ప్రయాణం

మా తమ్ముడు పదిహేనేళ్ళ పైబడి టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. కాపురం నిషికసాయిలో. మనవాళ్ళు ఎక్కువగా ఉండే పేట. నేను వాణ్ణి చూడ్డానికి వెళ్తే, "నువ్వు సినిమా పాటల పిచ్చోడివి కదా, నిన్నో చోటికి తీసుకెళ్తాను" అన్నాడు. జపాన్‌లో మన సినిమా పాటలు వినిపిస్తాడేమో అనుకున్నాను. 2022 అక్టోబరు 21న అక్కడ విడుదలైన 'ఆర్.ఆర్.ఆర్.'కి జపాన్ వాళ్ళు థియేటర్లలో ఎంత సందడి చేశారో మనం వినే ఉన్నాం. తీరా చూస్తే వాడు తీసుకెళ్ళింది పిల్లల కార్టూన్ దగ్గరికి!

షింజుకు స్టేషన్లో ఒడక్యూ లైన్ రైలెక్కాం. ఇరవై నిమిషాలు, కాస్త అటూ ఇటూగా. తామా నది మీద వంతెన దాటామో లేదో నోబొరితో వచ్చేసింది. స్టేషనంతా డోరెమానే. పేరు బోర్డుల మీద నీలం రంగు, ఎర్ర గీత, పసుపు గంట. లిఫ్టు తలుపులు గులాబీ రంగువి. డోరెమాన్ దగ్గర 'ఎక్కడికైనా తలుపు' ఉంటుంది చూశారూ, అదన్నమాట! తలుపు తీసి అడుగేస్తే కోరుకున్న చోట తేలతాం.

డోరెమాన్ అంటే మీలో తెలియనివాళ్ళుండరు. చదువులో వెనకబడ్డ నోబితా, వాణ్ణి బాగుచెయ్యడానికి 22వ శతాబ్దం నుంచి వచ్చిన మరపిల్లి, దాని పొట్ట మీద జేబు, ఆ జేబులోంచి వచ్చే వింత వస్తువులు. మన టీవీల్లో హిందీతోపాటు తెలుగులోనూ మాట్లాడాడు. మా అబ్బాయి బడి నుంచి రాగానే సంచీ విసిరేసి టీవీ ముందు కూలబడేవాడు. "ఆ పిల్లి గోల కట్టేయరా" అని నేనెన్నిసార్లు కసిరానో! ఆ పిల్లిని వెతుక్కుంటూ సముద్రాలు దాటి వస్తానని కలగన్నానా?

బస్సులో బామ్మగారు

స్టేషన్ బయట మ్యూజియంకి వెళ్ళే బస్సుంది. దాని ఒంటినిండా డోరెమాన్ బొమ్మలే. నా పక్క సీట్లో డెబ్బై దాటిన ఓ బామ్మగారు, ఆవిడ ఒళ్ళో సంచీ, పక్కన మనవడు. వాడేదో కూనిరాగం తీస్తున్నాడు. మా చిన్నది చటుక్కున శ్రుతి కలిపింది. అది హోషినో గెన్ పాటట. బామ్మగారు నవ్వి, తల అడ్డంగా ఊపి, ఇంకో రాగం అందుకున్నారు. ఇందాక నేను ప్లాట్‌ఫాం మీద విన్నదే!

చిన్నదాన్ని దుబాసీగా పెట్టుకుని మాట కలిపాను. ఆవిడ చెప్పింది విని తెల్లబోయాను. ఆ పాట మొదలైన రోజుల్లో ఆవిడ ఇద్దరు పిల్లల తల్లి. సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం ఆరూ యాభైకి టీవీలో పది నిమిషాల డోరెమాన్. వంటింట్లో ఉండగా ఆ పాట చెవిన పడిందంటే వీధిలో ఆటలు ఆగిపోయేవి, పిల్లలు పరుగున ఇంట్లోకొచ్చేవాళ్ళు. "నాకు గడియారం అక్కర్లేకపోయేది. పాట అయ్యేసరికి పొయ్యి మీద అన్నం ఉండాలి, అంతే" అన్నారావిడ. పిల్లలు పెద్దవాళ్ళై దూరాన ఉన్నారు. పాట మాత్రం ఈ స్టేషన్లో ఉంది. వచ్చినప్పుడల్లా ఓ రైలు వదిలేసి విని వెళ్తారట.

మన రేడియోలో సిగ్నేచర్ ట్యూన్ వినిపించగానే మా అమ్మ కాఫీకి నీళ్ళు పెట్టేది. దేశం ఏదైతేనేం! ట్యూన్ ఇంటి పనుల్లో కలిసిపోయాక దాన్ని ఊడదీయడం ఎవరి తరం?

ఫుజిమోతో గారి బల్ల

బస్సు దిగగానే ఫుజికో ఎఫ్. ఫుజియో మ్యూజియం. 2011 సెప్టెంబరు 3న తెరిచారు. ఆ తేదీ ఊరికే పెట్టలేదు. కథ ప్రకారం డోరెమాన్ పుట్టేది 2112 సెప్టెంబరు 3న! ఆ పుట్టుకకి సరిగ్గా వందేళ్ళ ముందు, 2012లో, కవాసాకి నగరం వాణ్ణి తమ ఊరి ప్రత్యేక పౌరుడిగా రాసుకుంది కూడా. ఇంకా పుట్టని పిల్లికి ఊళ్ళో చోటు!

టిక్కెట్టు మీద వేసిన వేళకే లోపలికి పంపుతారు. ముందుగా కొనుక్కోవాల్సిందే. బొమ్మలున్న గదుల్లో ఫొటోలు తీయకూడదు. డోరెమాన్ సృష్టికర్త అసలు పేరు ఫుజిమోతో హిరోషి. 1933 డిసెంబరు 1న తొయామా ప్రాంతంలోని తకావొకాలో పుట్టి, 1961 నుంచి ఈ కవాసాకిలోనే ఉన్నారు. 1969 డిసెంబరులో పిల్లల పత్రికల్లో డోరెమాన్ మొదలుపెట్టారు. 1996 సెప్టెంబరు 23న కన్నుమూశారు. ఆయన బల్లని అలాగే ఉంచారు. దాని పైన గోడ పొడుగునా పుస్తకాలు, పుస్తకాలు, పుస్తకాలు. తల వెనక్కి వంచి చూస్తే మెడ పట్టేసింది.

మేడ మీద తోటలో నోబితా స్నేహితులు కూచునే సిమెంటు గొట్టాలున్నాయి, గులాబీ తలుపుంది. కాంటీన్లో 'జ్ఞాపకాల రొట్టె' అమ్ముతారు. కథలో ఆ రొట్టె మీద పాఠం అచ్చువేసుకుని తింటే పరీక్షలో అంతా గుర్తొస్తుంది. చిన్నది లెక్కల రొట్టె తింది. మా తమ్ముడు లెక్కలడిగితే, "అరగాలి కదా నాన్నా" అంది.

ఏ పాట ఎవరిది?

ఇక పాటల సంగతి. ఆ మేడ మీద గొట్టాల పక్కన కూచుని మా తమ్ముడూ నేనూ లెక్క తేల్చాం.

టీవీలో డోరెమాన్ మొదటిసారి వచ్చింది 1973లో. అప్పటి టైటిల్ సాంగ్ పాడినావిడ నైతో హరుమి, స్వరపరిచినాయన కొషిబే నొబుయొషి. ఆర్నెల్లకే ఆ సీరియల్ ఆగిపోయింది. అన్నట్టు, అందులో కొన్నాళ్ళు డోరెమాన్‌కి గొంతిచ్చిన నొజావా మసాకోయే తర్వాత 'డ్రాగన్ బాల్'లో గోకూ అయ్యారు! 1979 ఏప్రిల్ 2న టీవీ అసాహీలో డోరెమాన్ మళ్ళీ పుట్టాడు. ఈసారి పాట కొత్తది, గాయని ఓసుగి కుమికో, సంగీతం కికుచి షున్సుకే. బామ్మగారి పాట ఇదే.

ఈ కికుచి గారు సామాన్యుడు కాదు. 1931 నవంబరు 1న ఉత్తరాన హిరోసాకిలో పుట్టి, 1961లో సినిమా సంగీతంతో రంగంలోకి దిగారు. టీవీలో 'కామెన్ రైడర్' ఆయనదే, 'డ్రాగన్ బాల్' ఆయనదే. 1972లో ఓ జైలు సినిమాకి ఆయన కట్టిన పగబట్టిన పాటని హాలీవుడ్ దర్శకుడు టరాంటినో ఏరి కోరి 'కిల్ బిల్'లో వాడుకున్నాడు. కత్తులు దూసే ఆడదానికీ, జేబులోంచి బొమ్మలు తీసే పిల్లికీ ఒకటే హార్మోనియం! మన దగ్గర విషాదగీతమూ, హాస్యగాడి పాటా ఒకే సంగీత దర్శకుడు చెయ్యడం లేదూ? అలాగే.

ఆ బాణీ ఇరవయ్యారేళ్ళు టీవీలో నిలిచింది. గొంతులు మారాయి. ఓసుగి తర్వాత 1992 నుంచి యమానో సతోకో, 2002లో టోక్యో ప్రిన్, 2003లో వతనాబే మిసాతో, 2004లో ఎ.జె.ఐ. బాణీ మారలేదు. పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకుని, వాళ్ళ పిల్లలూ అదే పాట పాడారు.

2005లో వచ్చిపడింది అసలు మార్పు. ఇరవయ్యారేళ్ళుగా డోరెమాన్‌కి గొంతిచ్చిన ఓయామా నొబుయో ఆ ఏడాది తప్పుకున్నారు. ఆమెతోపాటు నోబితా, షిజుకా, జియాన్, సునియో గొంతులూ మారిపోయాయి. ఏప్రిల్ నుంచి మిజుతా వసాబి డోరెమాన్. పాత బాణీ ఆర్నెల్లపాటు మాటల్లేకుండా, చైనా అమ్మాయిల వాద్యబృందం వాయించగా వినిపించింది. అక్టోబరులో అదీ పోయింది. నత్సుకావా రిమి పాడిన కొత్త పాట వచ్చింది. 2007 మేలో దాని చోట్లోకి మావో పాడిన పాట. మాటా, బాణీ కురోసు కత్సుహికోవి. పన్నెండేళ్ళు నడిచింది. మా తమ్ముడు జపాన్ వచ్చి, భాష నేర్చుకోవడానికి పిల్లల ప్రోగ్రాములు చూసిన రోజుల్లో విన్నది అదే. అందుకే వాడికదే అసలు పాట. 2019 అక్టోబరులో కార్యక్రమం శుక్రవారం నుంచి శనివారానికి మారినప్పుడు హోషినో గెన్ పాట టైటిల్ సాంగైంది. నిజానికది 2018లో వచ్చిన సినిమా కోసం రాసి, స్వరపరిచి, పాడింది. చిన్నదాని పాట అదీ!

అంటే ఏమిటన్నమాట? జపాన్‌లో ఎవరి వయసైనా తెలుసుకోవాలంటే పుట్టినతేదీ అడగక్కర్లేదు. డోరెమాన్ పాట పాడమంటే చాలు.

రేడియో కట్టేసిన మా నాన్న

"ఓయామా గొంతు పోయాక ఇక చూడం అన్నవాళ్ళున్నారు అన్నయ్యా. మా ఆఫీసులోనే ఒకాయన ఈనాటికీ చూడడు" అన్నాడు తమ్ముడు.

నేను నవ్వలేకపోయాను. మా నాన్న గుర్తొచ్చారు.

1974 ఫిబ్రవరి 11. ఘంటసాల గారు పోయిన రోజు. నాకు ఎనిమిదేళ్ళు. రాజమండ్రిలో మా ఇంట్లో ఆ రాత్రి ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. ఆ తర్వాత మా నాన్న రేడియో వినేవారు గానీ, బాలు పాట రాగానే లేచి కట్టేసేవారు. తిట్టేవారు కాదు, విసుక్కునేవారూ కాదు. టక్కున మీట తిప్పేసి పడక్కుర్చీలోకి వెళ్ళిపోయేవారు. 1980లో 'శంకరాభరణం' వచ్చింది. ఊరు ఊరంతా ఆ పాటలే. నాకు పద్నాలుగేళ్ళు, తలపొగరు. ఓ రోజు ఆయన మీట తిప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను. "మీ ఘంటసాల పోయారు నాన్నా. ఇంక రారు" అన్నాను.

ఆయన పది రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ తర్వాత ఓ సాయంత్రం బడి నుంచి వస్తూ చూశాను. వీధి చివర కాఫీ హోటలు బయట, సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నారు నాన్న. లోపల రేడియోలో 'శంకరాభరణం' పాట. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నారు. నన్ను చూడగానే సైకిలెక్కి వెళ్ళిపోయారు. ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళైంది. ఆ రోజు నేను పక్కన వెళ్ళి నిలబడి ఉంటే పోయేదేముంది? ఇద్దరం కలిసి వినేవాళ్ళం.

పోనీ, నేనేమైనా బుద్ధి తెచ్చుకున్నానా? 2020 సెప్టెంబరు 25న బాలు గారు పోయారు. వారం తర్వాత మా అబ్బాయి గదిలోంచి ఎవరో కొత్త గాయకుడి పాట వినిపిస్తే, "కట్టేయ్!" అని అరిచాను. అచ్చంగా మా నాన్న గొంతే. కాకపోతే ఆయన అరిచేవారు కాదు. వాడు కట్టేశాడు. అప్పట్నుంచి ఇంట్లో పాటలు వినడం మానేసి, చెవుల్లో పెట్టుకునే వాటితో ఒక్కడే వింటున్నాడు.

రెండు ప్లాట్‌ఫారాలు

పొద్దు వాలేవేళకి మళ్ళీ నోబొరితో స్టేషన్‌కి వచ్చాం. ఇళ్ళకెళ్ళే జనం. ఇవతలి ప్లాట్‌ఫాం మీద 1979 పాట మోగింది. రైలొచ్చి వెళ్ళింది. మేం ఎక్కలేదు. కాసేపటికి అవతలి ప్లాట్‌ఫాం మీద 2007 పాట మోగింది. మా తమ్ముడి మొహం వెలిగింది.

అప్పుడు తట్టింది నాకు. టీవీలోంచి 2005లో వెళ్ళిపోయిన బాణీ ఇక్కడ, పట్టాల పక్కన, బతుకుతోంది. కికుచి గారు 2021 ఏప్రిల్ 24న పోయారు. ఓయామా గారు 2024 సెప్టెంబరు 29న పోయారు. వాళ్ళెవరో తెలియనివాళ్ళు కూడా ఆ నాలుగు గుక్కలూ విని ఓ అడుగు వెనక్కి జరుగుతున్నారు, రైలొస్తోందని. దానికి ఎదురుగానే కొత్త పాట. ఒకదాన్ని తీసేసి ఇంకోదాన్ని పెట్టలేదు వీళ్ళు. రెండు వైపులా రైళ్ళు నడుస్తున్నాయిగా మరి! పాత పాట ఉన్నంతమాత్రాన కొత్తది ఆగలేదు. కొత్తది వచ్చినంతమాత్రాన పాతది చావలేదు. ఘంటసాల ఉన్న ఇంట్లో బాలుకీ చోటుంటుందని పద్నాలుగేళ్ళప్పుడు నేను మెల్లిగా చెప్పి ఉండాల్సింది.

"ఇంతకీ ఏది అసలు పాట పెదనాన్నా?" తగవు వదల్లేదు చిన్నది.

"నీకు ఏడేళ్ళప్పుడు ఏది మోగితే అది" అన్నాను.

కాసేపు ఆలోచించి, "అయితే మూడో ప్లాట్‌ఫాం కట్టాలి" అంది. హోషినో గెన్‌కి చోటు కావాలి కదా!

ఇక్కడ రైల్లో ఫోన్ మాట్లాడకూడదు. అందుకని ప్లాట్‌ఫాం మీదే నిలబడి, రెండు ట్యూన్లూ ఫోన్లో రికార్డు చేసి మా అబ్బాయికి పంపాను. కింద రాశాను: "నువ్వు చూసే పిల్లి పాటలు ఇవి. ఆ రోజు నేను కట్టేయమన్న పాట ఏదిరా? పంపు, వింటాను."

షింజుకు చేరేలోపు పాట వచ్చింది. దానికి ముందు ఒక్క మాటా లేదు. చిన్నది తన చెవుల్లోవి తీసి నా చెవుల్లో పెట్టింది. మొత్తం విన్నాను, మొదట్నుంచి చివరిదాకా.

నిజం చెప్పమంటారా? నాకు నచ్చలేదు. అయినా కట్టేయలేదు. రెండోసారి పెట్టాను.